మూడో పిలుపుకు జవాబు

రోహిణి కార్తె, సోమవారం

రాసుకుంటే భయం కాస్త పలచబడుతుందని సువార్త చెప్పింది. హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. అందుకే ఇది మొదలుపెట్టాను. నాకు చిన్నప్పటి నుంచీ అన్నిటికీ భయమే. కుక్కంటే భయం, లెక్కల సారంటే భయం, ఎవరైనా గొంతు పెంచితే భయం. మౌలాలి నన్ను భయాల బుట్ట అని పిలుస్తాడు. వాడు మా పాలిటెక్నిక్‌లోనే మోటార్ల కోర్సు చదువుతున్నాడు. వాడికి దేనికీ భయం లేదు, అదొక జబ్బు.

ఈ వారం తలుపు డ్యూటీ నాది. ఎండాకాలంలో హాస్టల్లో ఉండే ప్రతివాళ్ళకూ ఏదో ఒక వారం ఇది తప్పదు. తెల్లవారగానే, పగటి ఎండకు ఊరంతా తలదాచుకునే చలువసాల గుమ్మం దగ్గరికి వెళ్ళి, తలుపు జారే గాడిలో గాలికి చేరిన ఇసుక ఊడ్చాలి. చక్రానికి నూనె పెట్టాలి. ఎండ ముదిరేలోగా ఊరంతా గుట్ట కింద తొలిచిన ఆ సాలలోకి దిగిపోయాక, గుమ్మంలో నిలబడి బయటికి మూడుసార్లు పిలవాలి. "ఎవురన్నా ఉండారా?" అని. మూడో పిలుపుకు కూడా జవాబు రాకపోతే చక్రం తిప్పి తలుపు వేసేయాలి. "ఉండాం" అని ఒక్క గొంతు వినబడినా, ఆ మనిషి లోపలికి వచ్చేదాకా వేయకూడదు.

మా నల్లగుండ్లలో మొదటి చలువసాల తొలిచిన ఏడాది, గొర్రెలు తోలుకొస్తున్న ఒకామెను చూసుకోకుండా తలుపు వేశారట. పొద్దు వాలాక తీస్తే ఆమె తలుపుకు ఆనుకొని ఉందట. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది. తాగుబోతు అరిచినా తలుపు ఆగుతుంది. చల్లదనం బయటికి పోతోందని జనం తిట్టుకుంటారు గాని, వేసేయమని మాత్రం ఎవరూ అనరు.

నిన్న ఊరికున్న రెండో సాల, పడమటిది, ఆగిపోయింది. గోడల్లో చల్లటి నీళ్ళు తిరిగే పైపులు పూడిపోయాయి. మిట్టమధ్యాహ్నం అక్కడి జనాన్ని తడి దుప్పట్లు కప్పి మా సాలకు తీసుకొచ్చారు. సుంకన్న తాత దారిలోనే పోయాడు. ఈరోజు రెండు సాలల జనం ఒక్క సాలలో పడుకున్నాం. మనిషికి ఒక చాప ఉండేది, ఇప్పుడు చాపను సగానికి మడిచి ఇద్దరు కూర్చోవాలి. నా మోకాలు ఎవరి వీపుకో తగులుతుంది, ఎవరి మోచెయ్యో నా డొక్కలోకి వస్తుంది. తలుపు వేస్తుంటే ఎందుకో చక్రం బరువుగా అనిపించింది. అదంతా నా భయమే అయ్యుంటుందని సువార్త అంది.

మంగళవారం

సాలలో ఫోన్లు పలకవు. మీద అంత రాయి ఉంటే ఎట్లా పలుకుతాయి. కాబట్టి తలుపు వేసినప్పటి నుంచి తీసేదాకా ఊరంతా పక్కపక్కనే పడుకొని మాట్లాడుకోవడమే పని. గుమ్మం దగ్గర పుట్టిన మాట చివరి వరుసకు చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ వస్తాయి. మామూలు రోజుల్లో అది సరదాగానే ఉంటుంది. ఆ వరుసల్లో నాకిప్పటికే ఒకసారి పెళ్ళయిపోయింది, మొగుడు బళ్ళారిలో ఉన్నాడట.

ఈరోజు మాట సరదాది కాదు. పొద్దున, పడమటి సాల పైపుల్లో తెల్లగా ఉప్పు కట్టిందంట అన్నారు. అన్నాలు తినేసరికి అది ఎవరో వేసిన ఉప్పు అయింది. పొద్దు వాలేసరికి, ముంపోళ్ళు రాత్రిళ్ళు ట్యాంకులో సముద్రం నీళ్ళు పోస్తుండగా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు.

ముంపోళ్ళంటే సువార్త వాళ్ళు. గోదావరి దిగువన వాళ్ళ లంకలు సముద్రంలో కలిసిపోయాక ఇక్కడికి వచ్చారు. పాత రైల్వే గూడ్సు షెడ్డులో ఉంటారు. ఎండ పుట్టకముందే వెళ్ళి గుట్ట మీద ఎండ నుంచి కరెంటు తీసే పలకలు తుడుస్తారు. ఆ పలకలు తుడవకపోతే మా సాలల్లో మోటార్లు తిరగవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

సీసాల సంగతి నిజమే. ఊరు వదిలిన రోజు ఇంటికొక సీసాలో సముద్రం నీళ్ళు పట్టుకొని వచ్చారు. షెడ్డులో ఎవరైనా పోతే, మట్టి వేసే ముందు నుదుటి మీద రెండు చుక్కలు వేస్తారు. వాళ్ళలో చర్చికి పోయేవాళ్ళ ఇంట్లో సీసా సిలువ కింద ఉంటుంది, గంగమ్మకు మొక్కేవాళ్ళ ఇంట్లో దీపం పక్కన ఉంటుంది. కిందటేడు ఒక ముసలాయన పోయినప్పుడు నేనూ వెళ్ళాను. సువార్త వాళ్ళమ్మ దయమ్మ ఆ రెండు చుక్కలు వేసి, మూతను ఎంత గట్టిగా బిగించిందో నాకింకా గుర్తుంది. ఆ సీసా ఖాళీ అయితే మళ్ళీ నింపుకోవడానికి వాళ్ళకు ఊరు లేదు. అట్లాంటి నీళ్ళను మా ట్యాంకులో పోస్తారా?

పక్క వరుసలో ఉన్న మా అత్తతో అన్నాను, మన బోరు నీళ్ళకు బిందెల అడుగున కూడా తెల్ల పెచ్చు కడుతుంది కదా, పైపుల్లో కట్టదా అని. అత్త పైట సర్దుకొని, "నీ పక్క మంచం ఆ ముంపు పిల్లది కదా" అని మాత్రం అడిగింది. చుట్టూ ఉన్న నాలుగు తలలు నా వైపు తిరిగాయి. నేను నోరు మూసుకొని గోడ వైపు తిరిగి పడుకున్నాను. దూరంగా మూలన సువార్త, దయమ్మ, వాళ్ళ షెడ్డు జనం ఒకరి ఒళ్ళో ఒకరు ఉన్నట్టు ముడుచుకొని కూర్చున్నారు.

బుధవారం

పొద్దున్నే కర్రలు పట్టుకొని కొందరు షెడ్డు మీద పడ్డారు. ఎవరినీ కొట్టలేదు, కొడతామని మాత్రం చెప్పి వచ్చారు. సామాన్లు బయటికి విసిరి, సీసాలన్నీ ఏరుకొచ్చి చలువసాల మెట్ల మీద వరుసగా పెట్టారు. నేను గాడి ఊడుస్తూ అక్కడే ఉన్నాను. చీపురు పట్టుకొని పక్కకు జరిగాను, అంతకన్నా ఏమీ చేయలేదు. ఒకడు ఒక సీసా మూత తీసి మెట్టు మీద వంచాడు. రాత్రి కూడా చల్లారని రాయి కదా, నీళ్ళు చూస్తుండగానే ఇగిరిపోయి తెల్లటి మరక మిగిలింది. "చూడండి, ఉప్పు" అన్నాడు. జనం దగ్గరికొచ్చి వేలితో తుడిచి నాలుకకు రాసుకొని చూశారు. తర్వాత మిగిలిన సీసాలు కూడా వంచేశారు. నాకు దయమ్మ బిగించిన మూత గుర్తొచ్చింది.

సిలువ కింద దొరికిన సీసాల గురించే అందరూ మాట్లాడారు. దీపం పక్కన దొరికినవాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. మన బోరులో ఊరేది మారెమ్మ తల్లి నీళ్ళు, వాటిని చెడగొట్టమని వాళ్ళకు చర్చిలో నేర్పించినారంట అని ఒకామె అంది. నిన్నటిదాకా ఉప్పు గొడవ. ఈరోజుకది దేవుళ్ళ గొడవ అయింది.

అప్పుడు మేం ఒక తెలివితక్కువ పని చేశాం. చదువుకునేవాళ్ళం కదా, అందరి ముందూ ప్రయోగం చేసి చూపిస్తే మాట ఆగిపోతుందనుకున్నాం. ఆలోచన మౌలాలిది, బిందె మోసింది నేను. ఊరి కొళాయి కింద పట్టిన నీళ్ళు అదే మెట్టు మీద పోశాడు మౌలాలి. అవీ ఇగిరిపోయాయి, అవీ తెల్లటి మరకే మిగిల్చాయి. చూడండి, ఇది మన బోరు గుణం, ఎవరూ ఏమీ కలపలేదు అని వాడు చెప్పబోయాడు.

అందరూ ఆ మరకను చూస్తున్నారు. గుంపులోంచి ఒక ముసలాయన చాలా నెమ్మదిగా అన్నాడు. "అంటే మన కొళాయి నీళ్ళల్లో గూడా కలిపినారప్పా."

నా చేతిలో బిందె జారిపోయింది. ఆ క్షణంలో జనం ముఖాలు మారడం నేను కళ్ళారా చూశాను. అప్పటిదాకా పడమటి సాల పోయిందనే బాధ ఉండేది. ఇప్పుడు తాము రోజూ తాగే నీళ్ళ మీదే అనుమానం వచ్చింది. దానికి రుజువు మేమే తెచ్చి ఇచ్చాం. ఒకడు మౌలాలిని చూసి, వీడిదీ ఆ బాపతేలే అన్నాడు. ప్రతి ఏడూ పీర్ల పండగకు మౌలాలి నాయన, మా కుళ్ళాయప్ప మామ చేతులు పట్టుకొని నిప్పుల గుండం తొక్కుతారు. ఈ ఊళ్ళో వాడిని ఆ మాట అన్నవాళ్ళు ఇప్పటిదాకా లేరు. వాడు ఏదో అనబోయి మింగేశాడు. దేనికీ భయపడని మనిషి మింగేయడం చూస్తే నాకు ఇంకా భయమేసింది.

కుళ్ళాయప్ప మామ మా అమ్మకు అన్న. చలువసాల కమిటీ పెద్ద. పొద్దు వాలాక కమిటీ కూర్చొని తేల్చింది. విచారణ జరిగేదాకా ముంపోళ్ళు సాలలోకి రాకూడదు, గుట్ట అవతల పాత రైలు సొరంగంలో తల దాచుకోవాలి. మేం కొందరం మామ దగ్గరికి వెళ్ళాం. ఆ సొరంగం రెండు వైపులా తెరిచే ఉంటుంది, వడగాలి ఈ చివర దూరి ఆ చివర పోతుంది, రోహిణిలో అక్కడ మధ్యాహ్నం దాకా మనిషి నిలవడని చెప్పాం. ఆయనకు తెలియక కాదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నేల చూశాడు.

"మనోళ్ళకే సాలడం ల్యా. కాళ్ళు సాపే జాగా లేదు. వాళ్ళను యాడ పెట్టల్ల చెప్పు మే. నువ్వే చెప్పు."

ఉప్పు గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆయనకు ఉప్పు మీద నమ్మకం ఉందో లేదో గాని, జాగా లేదన్నదాని మీద మాత్రం ఉంది.

హాస్టల్ మెస్సులో అందరం కూర్చున్నాం. సువార్త రాలేదు, షెడ్డుకు వెళ్ళిపోయింది. మౌలాలి కొత్త మాట చెప్పాడు. రేపు మనం షెడ్డు వాళ్ళతో కలిసి బయటే నిలబడదాం. తలుపు దగ్గర పిలుపు వచ్చినప్పుడు జవాబు మనం చెబుదాం. మనం ఊరి పిల్లలం, మన జవాబును కాదనలేరు. అందరినీ రానిస్తేనే మనం కదులుదాం. కొందరు సరే అన్నారు. కొందరు ఇళ్ళల్లో ఒప్పుకోరన్నారు. చాలామంది కంచాలు చూసుకున్నారు. చివరికి వాడు నా వైపు తిరిగి, పిలిచేది నువ్వే కదా, మేం జవాబు చెప్పినాక వెయ్యవు కదా అని అడిగాడు. వెయ్యనన్నాను.

గురువారం

తలుపు తీయగానే వచ్చి ఇది రాస్తున్నాను.

గుమ్మానికి కాస్త దూరంలో తాడు కట్టారు. షెడ్డు జనం సొరంగానికి పోలేదు. తాడు అవతల ఒక టార్పాలిన్ పట్టా పట్టుకొని దాని కింద నిలబడ్డారు. పిల్లలు మధ్యలో, పెద్దవాళ్ళు చుట్టూ. కర్రలవాళ్ళు తాడుకు ఇవతల కాపలా ఉన్నారు. ఎండ పెరిగేకొద్దీ వాళ్ళూ ఒక్కొక్కరే లోపలికి దిగారు. ఎంత కోపం ఉన్నా ఆ ఎండలో నిలబడేవాళ్ళు ఎవరున్నారు.

పట్టా కింద మా హాస్టల్ వాళ్ళు ఎవరున్నారో నాకు కనబడలేదు. వెలుతురుకు కళ్ళు తెరవలేకపోతున్నాను. మెస్సులో సరే అన్నవాళ్ళంతా వచ్చారో, ఇళ్ళల్లో ఆపేశారో తెలియదు. ఊరంతా లోపలికి దిగింది. నా వెనక మెట్ల మీద కుళ్ళాయప్ప మామ నిలబడ్డాడు. నేను గుమ్మంలోకి వెళ్ళి మొదటిసారి పిలిచాను.

జవాబు లేదు. షెడ్డు వాళ్ళు పలకరని నాకు తెలుసు. ఆ పిలుపు మనోళ్ళకే, మీకు కాదని వాళ్ళకు గట్టిగానే చెప్పి ఉన్నారు. రెండోసారి పిలిచాను. వేడిగాలి తప్ప ఏమీ లేదు. మౌలాలి రాలేదు, వాడికి కూడా భయమేసింది అనుకున్నాను. ఇప్పుడు ఏం చేయాలి? మూడోసారి పిలవకుండా ఉంటే? పిలవకపోతే తలుపు వేయడానికి లేదు కదా. కాని అట్లా ఎంతసేపని నిలబడతాను. మూడోసారి కూడా పిలిచాను. "ఎవురన్నా ఉండారా?"

"ఉండాం."

మౌలాలి గొంతు. దాని వెనకే ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఆడపిల్లల గొంతులు కూడా. నేను చక్రం గట్టిగా పట్టుకున్నాను.

మామ ఊరి పిల్లలను మాత్రం రమ్మనమన్నాడు. అందరూ వస్తేనే వస్తారంట అని చెప్పాను. ఆయన పైకొచ్చి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. మా వాళ్ళు విడిగా లేరు, షెడ్డు జనంలో కలిసిపోయి కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక చంటిబిడ్డో, ఒక ముసలామె చెయ్యో ఉంది. వాళ్ళను ఒక్కొక్కరినీ విడదీసి లాక్కొచ్చేదాకా ఆ ఎండలో ఎవరూ నిలవలేరు. అంతసేపూ తలుపు తెరిచే ఉంది. లోపలి చల్లదనమంతా నా కాళ్ళ పక్క నుంచి బయటికి పోతుండడం నాకు తెలుస్తోంది. లోపల గోల మొదలైంది.

"తలుపెయ్ మే."

"జవాబొచ్చింది మామా. జవాబొచ్చినాక ఎట్లేసేది?"

ఆయన నా చెంప పగలగొడతాడనుకున్నాను. కొట్టలేదు. అప్పుడే కింద నుంచి మా అమ్మ అరిచింది, అవ్వ పడిపోయిందని. మా అవ్వకు ఉబ్బసం ఉంది. నేను మెట్ల కిందికి చూశాను. అవ్వ కాళ్ళు కనిపించాయి, చుట్టూ విసురుతున్న చేతులు కనిపించాయి. బయట పట్టా కింద పసిపిల్లలున్నారు. లోపల మా అవ్వ ఉంది. చక్రం నా చేతిలో ఉంది. ఏడుపొచ్చింది. ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది. మౌలాలిని మనసులో నానా తిట్లు తిట్టుకున్నాను. రాయకూడదనే అనుకున్నాను గాని రాస్తున్నాను, నా చెయ్యి చక్రాన్ని కొంచెం తిప్పింది. తలుపు గాడిలో జానెడు జరిగింది.

బయట దయమ్మ అది చూసింది. పట్టా కింద నుంచి లేచి, మా వాళ్ళ భుజాలు పట్టుకొని లేపబోయింది. "మీరెల్లిపోండి బాబూ. మాకోసం మీరెందుకు సావాలి. లెగండి, ఎల్లిపోండి" అంటోంది. ఒక్కరూ లేవలేదు. సువార్త తల్లిని పట్టుకొని కూర్చోబెట్టింది. నేను చక్రాన్ని వెనక్కి తిప్పేశాను.

ఇంతలో నన్ను తోసుకుంటూ మౌలాలి వాళ్ళమ్మ హుస్సేన్‌బీ బయటికి ఉరికింది. కొడుకు రెక్క పట్టుకొని లాగింది. వీపు మీద బాదింది. వాడు కదలలేదు, ఒడిలో ఉన్న బిడ్డ తలకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె కాసేపు ఆ బిడ్డను చూసింది. తర్వాత తిరిగొచ్చి, లోపలికి పోకుండా, గుమ్మంలో తలుపు జారే గాడి మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది.

"ఎయ్యి కుళ్ళాయప్పా. నా మీదనే ఎయ్యి."

కింద నుంచి ఇంకో పిల్ల తల్లి వచ్చింది. ఆమె కూతురిని తిడుతూనే వచ్చింది, తిడుతూనే హుస్సేన్‌బీ పక్కన కూర్చుంది. ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళు ముంపోళ్ళ మీద ప్రేమతో వచ్చినవాళ్ళు కాదు, వాళ్ళ పిల్లలు బయట ఉన్నారని వచ్చారు. కాని గాడి నిండిపోయింది. వాళ్ళ మీద తలుపు వేసే మగవాడు ఆ సాలలో లేడు.

మామ తువ్వాలు తీసి నేలకేసి కొట్టాడు. "నాశనమైపోండి. రానీ వాళ్ళను" అని, తానే వెళ్ళి తాడు తెంపేసి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ముసలాయనను రెండు చేతులా ఎత్తుకొని తెచ్చాడు. ముఖం మాత్రం ఎవరి వైపూ తిప్పలేదు.

గాడి మీద కూర్చున్నవాళ్ళు లేచాక తలుపు వేశాను. షెడ్డు జనాన్ని గుమ్మం దగ్గర, అందరికన్నా వేడిగా ఉండే చోట కూర్చోబెట్టారు. మేం వాళ్ళ చుట్టూ కూర్చున్నాం. చీకట్లో ఎన్ని కళ్ళు మా వైపు ఉన్నాయో తెలుస్తూనే ఉంది. బయట ఎండ, లోపల వీళ్ళు, మధ్యలో మూసిన తలుపు. పొద్దు వాలేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు.

శుక్రవారం

అవ్వ బాగానే ఉంది. నీళ్ళు చల్లగానే నిన్ననే లేచి కూర్చుంది. ఆకులో సున్నం ఎక్కువైందని ఈరోజు పొద్దున్నుంచీ అమ్మతో పోట్లాడుతోంది. నాతో మాత్రం మాట్లాడటం లేదు. నా వల్లే పడిపోయానని ఆమెకు కోపం. అది న్యాయమైన కోపమే, నేనేం అనను.

హాస్టల్ గోడ మీద బొగ్గుతో మా పేర్లు రాశారు. నా పేరు మొదట ఉంది. చౌడేశ్వరి అని తప్పు లేకుండా రాశారు, అంటే నాకు తెలిసినవాళ్ళే. మౌలాలి దాని కింద నిలబడి, పరీక్షల్లో ఎప్పుడూ మొదట రాలేదు కదా, ఇప్పుడొచ్చావు అన్నాడు. నవ్వబోయాను, రాలేదు. వాడికి కూడా రాలేదు. రాత్రి మంచం తలుపుకు దూరంగా జరుపుకోమని వార్డెన్ చెప్పింది.

నన్ను తలుపు డ్యూటీ నుంచి తీసేశారు. ఈరోజు కమిటీ మనిషి ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. పిలుపు మాత్రం మానలేదు. షెడ్డు జనం అందరికన్నా చివర దిగి, అందరికన్నా ముందు ఎక్కిపోయారు. పలకలు మాత్రం ఈరోజు కూడా తుడిచారు. ఎందుకు తుడుస్తారు అని నేను సువార్తను అడిగాను. తుడవకపోతే మోటార్లు ఆగిపోతాయి, అప్పుడు మేమే ఆపామంటారు అంది.

శనివారం

ఈరోజు నా పక్కన పడమటి సాల నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. పేరు ఆదెమ్మ అని చెప్పింది. నాకు ఆమె తెలియదు, ఆమెకు నేను తెలియదు. కూతురు ఆమె తొడ మీద తల పెట్టి నిద్రపోతోంది. గుమ్మం దగ్గరి వేడికి నా ముఖం చూసి, పాపమని తన విసనకర్ర ఇటు తిప్పి విసిరింది. కొంగు ముడి విప్పి గుప్పెడు వేరుశనగలు నా చేతిలో పోసింది. ఎన్నాళ్ళకో ఒక మనిషి నాతో మామూలుగా మాట్లాడింది. ప్రాణం కొంచెం లేచొచ్చింది.

తర్వాత ఆమె గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. తలుపు కాడ ఒక పిల్ల ఉండేదంట. ముంపోళ్ళు దానికి ఏదో మందు పెట్టి లోబరుచుకున్నారంట. అది తలుపు తెరిచిపెట్టి సొంత అవ్వనే చంపుకునిందంట. ముసలామె నాలుక బయటపెట్టి పోయిందంట. ఆమె చెబుతుంటే నేను గింజలు నమలడం ఆపేశాను.

అవ్వ రెండు వరుసల అవతలే ఉంది. ఎవరిదో చాప తన చాప మీదికి వచ్చిందని తగాదా పడుతోంది. ఆమె గొంతు సాలంతా వినబడుతోంది.

"అక్కా, ఆ అవ్వ అదో, ఆడ కూచోనుంది. ఏం కాలేదు ఆమెకు" అన్నాను.

ఆదెమ్మ మెడ సాచి చూసింది. చాలా శ్రద్ధగానే చూసింది. తర్వాత నా వైపు జాలిగా తిరిగింది.

"ఆమె గాదులేమ్మా. సచ్చిపోయినామె వేరే."

బతికి ఉన్న మనిషి ఎదురుగా అరుస్తుంటే కూడా ఈ మాట చావలేదు. ఇంక దీనికి ఏం చూపించాలి? మెట్టు మీద నీళ్ళు పోసి చూపించాం. మా ఒళ్ళు ఎండలో పెట్టి చూపించాం. అన్నిటినీ అది తనలో కలుపుకొని ఇంకా లావెక్కి వచ్చి, నా పక్కనే కూర్చొని నాకు గింజలు పెడుతోంది. ఊరుకుంటే పోయేది. ఆమె విసురుతూనే ఉండేది. ఊరుకుందామనే అనుకున్నాను.

"ఆ తలుపు పిల్లను నేనే అక్కా."

విసనకర్ర ఆగింది. ఆమె నా ముఖం చూడలేదు, నా చేతిలో ఉన్న గింజలను చూసింది. వాటిని తిరిగి ఇచ్చేయాలో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నిద్రపోతున్న బిడ్డను చంకలో వేసుకొని, చాప చుట్టుకొని లేచింది. నా కాలు తగలకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని వెనక వరుసకు వెళ్ళింది. అక్కడ వంగి ఎవరితోనో ఏదో చెప్పింది. వాళ్ళూ చాపలు జరుపుకున్నారు. ఆ పక్కవాళ్ళూ జరుపుకున్నారు. కాలు చాపడానికి చోటు లేని సాలలో నా చుట్టూ ఉత్త బండ బయటపడింది. నలుగురు పడుకోవచ్చు అక్కడ. జాగా లేదని కదా మామ అన్నది.

అంత ఖాళీ మధ్యలో ఒక్కదాన్నే కూర్చోవడం ఎంత భయమో నేను చెప్పలేను. మౌలాలి ఆ చివర మగవాళ్ళ వైపు ఉన్నాడు. సువార్త పలకల పని చేసి వచ్చి గోడకు ఆనుకొని నిద్రపోతోంది. మా అమ్మ దూరం నుంచి నన్ను చూసి తల దించుకుంది. లేచి పోదామంటే తలుపు మూసి ఉంది.

అప్పుడు దయమ్మ తన చాప లాక్కుంటూ వచ్చింది. నన్నేమీ అడగలేదు. ఆదెమ్మ కూర్చున్న చోటే చాప పరిచి, మోకాళ్ళు పట్టుకొని నెమ్మదిగా కూర్చుంది. ఆమె కూర్చోగానే వెనక ఎవరో ఛీ అన్నారు. ఆమె వినబడనట్టే చాప అంచు సర్దుకుంది. నా వైపు తిరిగి అడిగింది.

"బయ్యమేత్తందామ్మా?"

ఆఁ అన్నాను.

"నాకూనమ్మా" అంది.

ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. నా గుప్పిట్లో ఉన్న గింజల్లో సగం ఆమె చేతిలో పోశాను. తలుపు తీయడానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఇద్దరం ఒక్కొక్క గింజే నములుతూ కూర్చున్నాం.